బాక్సులో (ఇంక్యుబేటరులో) బిడ్డను కనిపెట్టుకుని ఉండే కెమెరా: కొన్ని విశేషాలు

ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ దక్కదని మన కోనసీమ పెద్దవాళ్లు అంటుంటారు. ఆశ్చర్యమేమిటంటే, గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరు మీద ఉన్న గ్రంథాల్లోనూ ఇదే నమ్మకం ఉంది. అక్కడా తప్పే, ఇక్కడా తప్పే. కడుపులో వారం గడిచేకొద్దీ బిడ్డ దక్కే అవకాశం పెరుగుతుంది. ప్రపంచంలో పుట్టే ప్రతి పది మందిలో ఒకరు 37 వారాలు నిండకుండానే పుడుతున్నారు.

ఈ పిల్లలు ఊపిరి తీసుకోవడం మర్చిపోతుంటారు! 20 సెకన్లు దాటినా ఊపిరి అందుకోకపోతే మానిటరు మోగుతుంది, నర్సమ్మ వచ్చి అరికాలి మీద వేలితో తడుతుంది. చాలాసార్లు అంతే చాలు, బిడ్డ ఊపిరి అందుకుంటుంది. పదే పదే ఇలాగే అవుతుంటే డాక్టర్లు ఇచ్చే మందు కెఫీన్. అవును, మన కాఫీలో ఉండేదే.

అసలు చిక్కు స్టిక్కర్లతో. గుండె లెక్క కోసం ఛాతీ మీద అతికించినవి తీసేటప్పుడు, తడి కాగితమంత పల్చటి చర్మం పైపొర కూడా వాటితో లేచి వస్తుంది. తాకకుండా లెక్క తెలుసుకోవాలన్న తపన పుట్టింది ఇక్కడే.

గుండె కొట్టుకున్న ప్రతిసారీ మన ముఖం రంగు రవ్వంత మారుతుంది. కంటికి ఆనదు, కెమెరాకు దొరుకుతుంది. 2008లో కాలిఫోర్నియా పరిశోధకులు మామూలు డిజిటల్ కెమెరాతో, గదిలో ఉన్న వెలుతురులోనే నాడి లెక్కపెట్టి చూపించారు. నెత్తురు ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి కెమెరా చూసే మూడు రంగుల్లో ఆకుపచ్చే నాడిని బాగా పట్టిచ్చింది. (పచ్చదనం గొప్పతనం కోనసీమకు ఒకరు చెప్పాలా!)

నెలలు నిండని పిల్లల మీద చెప్పుకోదగ్గ పరీక్ష ఆక్స్‌ఫర్డ్‌లోని జాన్ రాడ్‌క్లిఫ్ ఆసుపత్రిలో జరిగింది. 30 మంది పిల్లలను 400 గంటలకు పైగా వీడియో తీసి, ఫలితాలను 2019లో ప్రచురించారు. కెమెరా చెప్పిన గుండె లెక్కకూ మామూలు మానిటరు లెక్కకూ సగటున తేడా నిమిషానికి రెండు మూడు స్పందనలే. ఈ పసిగుండె నిమిషానికి 120 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది కాబట్టి ఆ తేడా పెద్దది కాదు. అయితే ఈ లెక్క కుదిరింది ముప్పాతిక వంతు సమయమే. మిగతా పావు వంతు మాటేమిటి? అందుకే వైర్లను ఇప్పుడే పారేయడానికి లేదంటాను.

ట్యూబులైటు కూడా కెమెరాను మోసం చేస్తుంది. ఇంగ్లండ్‌లోనూ మన ఐ.పోలవరంలోనూ కరెంటు 50 హెర్ట్జే. పాతరకం ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. ఆ మినుకు వీడియోలోకి నాడి వేషంలో దూరిపోతుంది. దాన్ని ఏరేసే లెక్కను ఆక్స్‌ఫర్డ్ బృందమే 2014లో చెప్పింది. కామెర్లకు పెట్టే నీలం లైటు ఇంకో తలనొప్పి.

తల్లి బిడ్డను గుండెలకు హత్తుకుని కూర్చుంటే (1978లో కొలంబియాలో మొదలైన కంగారూ పద్ధతి) బాక్సు మీది కెమెరాకు బిడ్డే కనపడదు. అందుకే ఆక్స్‌ఫర్డ్ ప్రోగ్రాము ముందుగా, అసలు బిడ్డ అక్కడ ఉందా లేదా అని చూసుకుంటుంది.

ఇక బిడ్డను ఆసుపత్రికి చేర్చే దారి మాట. ఎదుర్లంక దగ్గర గౌతమి మీద బాలయోగి వంతెన రాకముందు మనవాళ్లు యానాం రేవుకు పంటు మీద దాటి కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లేవారు. ఇప్పుడు 108 అంబులెన్సు ఉంది. కానీ కెమెరాకు బద్ధశత్రువు కదలిక. అంబులెన్సు కుదుపుల్లో ఇప్పటికైతే వైరే దిక్కు.

ఇంకొక్కటి. చర్మంలో నల్లదనం పెరిగేకొద్దీ కెమెరాకు అందే నాడి సంకేతం పలచబడుతుంది. పుట్టినప్పుడు ఎర్రగా ఉన్న బిడ్డకు అసలు రంగు వారాల మీద తేలుతుంది. ఈ కెమెరా అమ్మడానికి మన ఆసుపత్రులకు ఎవరు వచ్చినా, చామనఛాయ పిల్లల్లో ఎంతమంది మీద సరిచూశారని ముందు అడగాలి.