కాకా... మజాకానా!

కాకి కుండలో గులకరాళ్లు వేసి దాహం తీర్చుకున్న కథ చెప్పని అమ్మమ్మ ఉండదేమో. కథలో కాకి సరే... నిజం కాకికి అంత బుర్ర ఉంటుందా? ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలను ఈ ప్రశ్నతో తికమక పెట్టింది కూడా ఓ కాకే. పేరు బెట్టీ.

బెట్టీది ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న న్యూకాలెడోనియా జాతి. ఆ దీవిలోని కాకులు పుల్లను ముక్కుతో చెక్కి, చివర కొక్కెంలా చేసుకుని తొర్రల్లోని పురుగుల్ని బయటికి లాగుతాయి. ఆక్స్‌ఫర్డ్‌లో బెట్టీకి తోడు ఏబెల్ అనే మగకాకి. వాటి ముందు నిలువు గొట్టం, అందులో బుల్లి బకెట్, బకెట్‌లో మాంసం ముక్క. పక్కన రెండు తీగలు... ఒకటి తిన్ననిది, ఒకటి కొక్కెం ఉన్నది. ఏది పనికొస్తుందో వాటికి తెలుసా అన్నదే పరీక్ష. ఓసారి ఏబెల్ కొక్కెం తీగను కాస్తా ఎత్తుకుపోయాడు. పరీక్ష పాడైనట్టే! బెట్టీ తిన్నని తీగతో కాసేపు తంటాలు పడింది. లాభం లేకపోవడంతో తీగ కొసను ఓ సందులో ఇరికించి, ముక్కుతో లాగి వంచేసింది. ఆ కొక్కెంతో బకెట్ పైకి తీసి మాంసం తినేసింది.

గాలివాటంగా జరిగిందేమోనని ఈసారి తిన్నని తీగలే ఇచ్చారు. లెక్కలోకి వచ్చిన 10 ప్రయత్నాల్లో 9 సార్లు బెట్టీ తీగ వంచి బకెట్ తీసింది. 2002లో ఈ సంగతి బయటికి రాగానే ప్రపంచమంతా బెట్టీ పేరు మార్మోగింది.

పేచీ వచ్చింది 2016లో. అడవి నుంచి పట్టి తెచ్చిన 18 కాకులను స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గమనించారు. కనీసం 10 కాకులు పుల్లల్ని అచ్చం అలాగే వంచాయి. అంటే బెట్టీ చేసింది కొత్త ఆలోచన కాదు, జాతి అలవాటేనా? చేతి అలవాటు ఉన్నంత మాత్రాన వడ్రంగికి బుర్ర లేదంటామా అన్నది వేరే సంగతి.

అయితే, 2006లోనే ఆక్స్‌ఫర్డ్ వాళ్లు మరో పరీక్ష ఫలితం ప్రకటించారు. ఈసారి తీగ కాదు, అల్యూమినియం బద్ద. అదీ ముందే వంచినది. దాన్ని తిన్నగా చేస్తేనే తిండి అందుతుంది. వంచడమే అలవాటైతే ఇక్కడ బెట్టీ బోల్తా పడాలి కదా? 5 సార్లలో 4 సార్లు సరిగ్గానే సరిచేసుకుంది! ఇంతా చేసి, కొన్నిసార్లు తాను మార్చిన కొసను వదిలేసి, రెండో కొసతోనే పొడిచి చూసింది. బెట్టీకి అంతా అర్థమైందని శాస్త్రవేత్తలు గట్టిగా చెప్పలేకపోయింది అందుకే.