సాంచాల మోత పక్కనే సల్లటి అడవి
అంజూర్ ఫాటాకు చేరువలో తుంగారేశ్వర్ కొండలు
వానకాలం వాగులతో పైలం

భివండీ: పగలూ రాత్రీ సాంచాల మోత. ఊపిరి తీస్తే నూలు దుమ్ము. పన్నెండు గంటల షిఫ్టు దిగినవారికి కునుకు తప్ప మరో ధ్యాస ఉండదు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చి పద్మానగర్, కామత్‌ఘర్‌లలో స్థిరపడిన నేత కుటుంబాలకు షికారంటే వరాలదేవి చెరువు గట్టు, లేదంటే ఏడాదికోసారి ఊరి ప్రయాణం. అంజూర్ ఫాటా నుంచి కామన్ మీదుగా చించోటి వెళ్లే రోడ్డు పట్టుకుంటే పాతిక కిలోమీటర్ల లోపే అడవి వస్తుంది. అక్కడికి పోయే పోరగాళ్లు ఎందరో. అడవిలో ఎలా మసలుకోవాలో తెలిసినవారే తక్కువ.

చిరుతల దారి
తుంగారేశ్వర్‌ను 2003లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 85 చదరపు కిలోమీటర్లు. దక్షిణాన సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానం, ఉత్తరాన తాన్సా అభయారణ్యం. ఈ రెంటి మధ్య చిరుతల రాకపోకలకు ఇదే దారి. కొండ మీది శివాలయానికి మహాశివరాత్రి, శ్రావణమాసాల్లో భక్తులు పోటెత్తుతారు.

ఇలా వెళ్లాలి
భివండీ రోడ్ స్టేషన్‌లో వసై వైపు రైలెక్కి, చించోటి జలపాతానికి కామన్ రోడ్‌లో, గుడికి వసై రోడ్‌లో దిగాలి. ఈ మార్గంలో రైళ్లు తక్కువ. తిరుగు రైలు వేళ ముందే తెలుసుకోవడం మంచిది. పొద్దుగాలే సద్ది కట్టుకొని బయలుదేరి, చీకటి పడకముందే అడవి దాటాలి.

నీటి రంగు మారితే..
చించోటి వద్ద మునిగి చనిపోయిన వారు తక్కువేం కాదు. 2018 జూలైలో వాగు ఒక్కసారిగా పొంగి వంద మందికి పైగా చిక్కుకుపోయారు. వారిని సహాయ బృందాలు బయటకు తెచ్చినా, ఒకరి ప్రాణం మాత్రం దక్కలేదు. కింద ఎండ కాస్తున్నా కొండ మీద వాన పడితే చాలు, నిమిషాల్లో వరద దిగుతుంది. తేట నీరు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా వెంటనే గట్టెక్కాలి. అవతలి ఒడ్డున చిక్కుకుంటే వాగు దాటే సాహసం చేయరాదు. ఎత్తయిన చోట ఆగి 112కు ఫోన్ చేయాలి.
ఊరి బావుల్లో ఈత నేర్చిన ధీమా ఇక్కడ పనికిరాదు. బావి నీరు కదలదు. జలపాతం కింది మడుగు మనిషిని లోపలికి లాగుతుంది. పాచి పట్టిన బండ మీద కాలు నిలవదు. మందు తాగి దిగితే చెప్పేదేముంది? అధికారులు నిషేధం పెట్టినప్పుడు దొంగదారిన వెళ్లేవారే ఎక్కువగా ఆపదలో పడుతున్నారు.

పిల్లాపాపలతో అయితే..
వానలు వెనుదిరిగాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. కుర్రకారుకు ఆసన్‌గావ్ దగ్గర 2,815 అడుగుల మాహులీ కోట ఉంది. ముసలివాళ్లకు భివండీ తాలూకాలోనే వజ్రేశ్వరి ఉడుకునీటి బుగ్గలు ఉన్నాయి. 1739లో వసై కోట గెలిచాక చిమాజీ అప్పా మొక్కు తీర్చుకున్న అమ్మవారి గుడి కూడా అక్కడే.
సాంచాలు బందున్న ఒక్క రోజు చెట్ల గాలి పీల్చుకోవడం నేత కార్మికుడికి దక్కాల్సిందే. పొద్దుగూకే సరికి ఇంటిల్లిపాదీ క్షేమంగా అంజూర్ ఫాటాలో దిగితేనే అది షికారు.