హాకథానులో యంత్ర సహచరుడు

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు బాటపై ఇబ్రహీంపట్నము కలదు. ఒకప్పుడు పెద్ద చెరువునకును, దాని క్రింది పొలములకును పేరుగన్న ఈ మండలములో నేడు ఇంజనీరింగు కళాశాలలు పెక్కు వెలసినవి. ఈ మండలమునందలి ఆదిబట్లలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వారి కార్యాలయ ప్రాంగణమును, విమాన భాగములను తయారుచేయు కర్మాగారములును ఉన్నవి. కావున ఇచటి గృహములలో ‘హాకథాన్’ అను మాట తరచుగా వినవచ్చుచున్నది. “ఈ రాత్రి ఇంటికి రాను, ఆఫీసులో హాకథాన్ ఉన్నది” అని కుమారుడో కుమార్తెయో చెప్పినచో, రాత్రియంతయు మేలుకొనవలసిన ఆ పని ఏమో తల్లిదండ్రులకు అంతుపట్టదు. ఆ జట్టులో మనుష్యులతో బాటు ఒక యంత్రము కూడ పనిచేయుచున్నదని విన్నచో వారి ఆశ్చర్యము ఇనుమడించును. ఆ సంగతిని శ్రోతలకు వివరించుటయే మా ఉద్దేశ్యము.

‘హాక్’ అనగా ఇచట చాతుర్యముతో చిక్కు విప్పుట. ‘మారథాన్’ అనగా దూరపు పరుగుపందెము. ఈ రెండును కలిసి ‘హాకథాన్’ అయినది. 1999లో కెనడాదేశమునందలి కాల్గరీ నగరమున కంప్యూటరు నిపుణులు కొందరు గుమిగూడి పనిచేసిన సందర్భమున ఈ పేరు వాడుకలోనికి వచ్చినది. మన దేశములో 2017లో కేంద్రప్రభుత్వము విద్యార్థులకొరకు స్మార్ట్ ఇండియా హాకథానును ఆరంభించెను. అందు ఒక్కొక్క జట్టునకు ఆరుగురు సభ్యులు. వారిలో ఒకరైనను స్త్రీ ఉండవలెను. సంస్థలు తమ ఉద్యోగులకొరకు జరుపు పోటీలును ఇట్టివే. ఒక సమస్య ఇత్తురు. ఒకటి రెండు దినములు గడువు ఇత్తురు. గడువు ముగియులోపల జట్టు ఒక నమూనాను తయారుచేసి న్యాయనిర్ణేతల యెదుట నడిపి చూపవలెను. 2025లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వారు కృత్రిమ మేధ విషయమై జరిపిన హాకథానులో రెండు లక్షలకు మించిన ఉద్యోగులు పాల్గొనిరి.

ఇక యంత్ర సహచరుని సంగతి. 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, మనుష్యులతో మాటలాడు కృత్రిమ మేధా సహాయకులు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చిరి. అపారమైన వ్రాతలనుండి, ఏ మాట తరువాత ఏ మాట రాదగునో నేర్చుకొనుటయే వీని విద్యకు మూలము. ఆ విద్యతోడనే ప్రశ్నకు ప్రత్యుత్తరము వ్రాయును, కంప్యూటరునకు కావలసిన ఆదేశములు వ్రాయును, పెద్ద నివేదికను కుదించి చెప్పును. ఐతే ఒక్క సంగతి మరువరాదు. సత్యమును చెప్పునప్పుడు దాని వాక్కు ఎంత తడబాటు లేక సాగునో, అసత్యమును చెప్పునప్పుడును అంతే ధారాళముగ సాగును. ముఖము చూచి అనుమానించుటకు దానికి ముఖము లేదు.

ఇట్టి సహచరుని వలన లాభము కలదా? దీనికి రెండు పరీక్షలు సమాధానము చెప్పుచున్నవి. ప్రాక్టర్ అండ్ గాంబుల్ అను గొప్ప సంస్థలో 776 మంది ఉద్యోగులపై హార్వర్డు మొదలగు విద్యాసంస్థల పరిశోధకులు జరిపిన పరీక్షాఫలితములు 2025లో వెలువడినవి. క్రొత్త వస్తువులను గూర్చి ఒక్క దినములో ఆలోచన చేయవలెనని కొందరిని ఒంటరిగను, కొందరిని ఇద్దరిద్దరిగను నియమించిరి. వారిలో కొందరికి యంత్ర సహాయమునిచ్చి, తక్కినవారికి ఈయలేదు. యంత్రము తోడుగా ఒంటరిగ పనిచేసినవారు, యంత్రము లేని ఇద్దరి జట్లతో సమానముగ నిలిచిరి. శాస్త్రవిభాగమువారు శాస్త్రపక్షమునకు, వ్యాపారవిభాగమువారు వ్యాపారపక్షమునకు మ్రొగ్గుట కూడ యంత్ర సహాయముతో తగ్గినది. ఐనను మిక్కిలి శ్రేష్ఠమైన ఆలోచనలు ఎక్కువగ వచ్చినది, మనుష్యులిద్దరును యంత్రమును కలిసిన జట్లనుండియే.

రెండవ పరీక్ష అమెరికాలో మెటర్ అను పరిశోధనాసంస్థ 2025లో ప్రకటించినది. అనుభవజ్ఞులైన 16 మంది ప్రోగ్రాము రచయితలు, తమకు చిరకాలముగ పరిచయమైన పనులలోనే 246 చిన్న కార్యములు చేసిరి. యంత్ర సహాయము గైకొన్నప్పుడు వారికి నూటికి 19 వంతులు అధికకాలము పట్టినది. విశేషమేమన, పని ముగిసిన పిదప కూడ తాము నూటికి 20 వంతులు వేగముగ చేసితిమనియే వారు నమ్మిరి! నాటి పరికరములు నేడు మారియుండవచ్చును; కాని వేగముగ పోవుచున్నామను భ్రమ మాత్రము గమనింపదగినది. మనకు తెలియని బాటలో తోడు మేలు; మన పెరటిలో మనకు దారి చూపబోవు తోడు కాలయాపనకే కారణమగును.

ఒక ఉదాహరణము ఊహింతము. కార్యాలయ భోజనశాలలో ప్రతిదినము మిగిలిపోవు అన్నమును తగ్గించు ఉపాయము చెప్పవలెనని హాకథానులో సమస్య ఇచ్చిరనుకొందము. అడిగిన నిమిషమునకే యంత్రము హాజరు లెక్కలనుండి రేపటి భోజనములను అంచనా వేయు ప్రోగ్రామును వ్రాసి యిచ్చును. చూచుటకు అది ముచ్చటగనే యుండును. కాని కార్తీక సోమవారములలో ఉపవాసముండువారు హాజరైనను భోజనమునకు రారు. రంజాను మాసములో మధ్యాహ్నపు లెక్క వేరు. రాత్రి బస్సు ఆలస్యమైన దినమున రెండవ పంక్తి పెరుగును. ఇవి వంటశాల లెక్కలు వ్రాయు ఉద్యోగికి తెలియును. ఆ మాట జట్టులో ఎవరైన చెప్పినగాని, యంత్రమునకు తోచకపోవచ్చును. అందుచేత మొదటి గంటలో యంత్రమును ప్రక్కన ఉంచి, ప్రతి సభ్యుడును తన ఆలోచనను తానే వ్రాసికొనుట మేలు. తరువాత ఆ ఆలోచనలను యంత్రమునకు చూపి, “ఇందు లోపములేమి?” అని అడుగవలెను. మెచ్చుకొమ్మని అడిగినచో అది మెచ్చుకొనును. తప్పులెన్నుమని అడిగినచో ఉపకారము చేయును.

చెరువుకట్టకు మన్ను మోయుటకు ఎన్ని చేతులైనను కావలెను. కాని తూము తెరచు అధికారము నీరడి ఒక్కనిదే. ఏ మడికి ఎంత నీరో ఎరిగినవాడు, పొరబాటైనచో ఊరికి సమాధానము చెప్పుకొనవలసినవాడు అతడే. ఈ న్యాయము ఇచటను చెల్లును. 2025 జూలైలో అమెరికాలో ఒక వ్యాపారి రెప్లిట్ అను సంస్థవారి యంత్ర సహాయకునితో పనిచేయుచు, ఏ మార్పును చేయవలదని ఆజ్ఞాపించియుండెను. ఐనను ఆ యంత్రము వాడుకలోనున్న వివరముల కోశమునే తుడిచివేసెను. పైగా వానిని తిరిగి పొందుట అసాధ్యమని చెప్పెను. అదియును నిజము కాదని పిదప తేలినది. యంత్రము వ్రాయవచ్చును, సూచింపవచ్చును; తుడిచివేయుటకును, పంపివేయుటకును తాళపుచెవి మాత్రము మనుష్యుని చేతనే యుండవలెను.

గోప్యతయు ఇట్టిదే. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కొందరు సంస్థ రహస్య ప్రోగ్రాములను చాట్‌జీపీటీలో ఉంచుటచే, ఆ సంస్థ అట్టి సాధనముల వాడుకను నిషేధింపవలసి వచ్చినది. పందెపు తొందరలో ఇట్టి పొరపాటు మరింత సులభము. తోటి ఉద్యోగుల జీతములు, రోగముల వివరములు, ఖాతాదారుల సంఖ్యలు యంత్రమునకు ఈయరాదు. సంస్థ అనుమతించిన సాధనమునే వాడవలెను. పరీక్షకు కల్పిత వివరములు చాలును.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఒకటి మిగిలినది. ఇబ్రహీంపట్నము కళాశాలలనుండి వెలువడి క్రొత్తగా ఉద్యోగమున చేరిన యువకునకో యువతికో హాకథాను గొప్ప అవకాశము. మునుపు ఆంగ్లము ధారాళముగ రానివారు జట్టులో మౌనము వహించెడివారు. ఇప్పుడు తెలుగులో ఆలోచించి, యంత్ర సహాయముతో ఆంగ్లములో చక్కగ చెప్పగలరు. ఇది నిజమైన ఉపకారము. కాని పూర్వము క్రొత్తవారికి ఇచ్చుచుండిన చిన్న పనులన్నియు నేడు యంత్రమే చేయుచున్నది. ఆ చిన్న పనులతోడనే కదా వారు పని నేర్చుకొనుచుండిరి! జట్టు నాయకుడు పందెము గెలుచుటకై క్రొత్తవానిని ప్రేక్షకునిగ కూర్చుండబెట్టినచో, ఆ రాత్రి బహుమానము లభింపవచ్చును. కాని ఒక పనివాడు తయారుకాడు.

దీనికి మేము సూచించు నియమము సులభమైనది. జట్టులో ఒక్కరైనను సొంతమాటలలో వివరింపలేని పంక్తిని నమూనాలో ఉంచరాదు. ఆ వివరించు పనిని అందరికంటె చిన్నవానికే అప్పగింపవలెను. యంత్రము వ్రాసిన భాగమేదో, తాము వ్రాసినదేదో న్యాయనిర్ణేతలకు దాచక చెప్పవలెను. మరునాడు ఉదయము బిడ్డలు ఇంటికి వచ్చినప్పుడు, బహుమానము వచ్చినదా అని మాత్రమే అడుగక, “ఏమి చేసితిరి? అది ఎట్లు పనిచేయును?” అని అడుగుడు. వారు విసుగుకొనక, యంత్రము వైపు చూడక, ఇంటివారికి అర్థమగునట్లు చెప్పగలిగిరేని, ఆ రాత్రి మేలుకొన్న శ్రమ వ్యర్థము కాలేదని సంతోషింపవచ్చును.