స్వలింగ వివాహం: సుప్రీంకోర్టు తీర్పు తర్వాత జంటలకు మిగిలిందేంటి?

స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. పెళ్లికి మాత్రం గుర్తింపు దక్కలేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం తమకూ వర్తించాలని కోర్టుకెళ్లిన వారిలో హైదరాబాద్ జంట కూడా ఉంది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. చట్టం మార్చాల్సింది పార్లమెంటేనన్నారు. ‘సివిల్ యూనియన్’ హక్కునూ 3-2 మెజారిటీతో తిరస్కరించారు. రివ్యూ పిటిషన్లను కోర్టు 2025 జనవరిలో కొట్టేసింది.

కేంద్రం 2024లో ఇచ్చిన వివరణ ప్రకారం ఈ జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవొచ్చు, భాగస్వామిని నామినీగా పెట్టుకోవచ్చు. రేషన్ కార్డుకు ఒకే కుటుంబంగా లెక్క. అయితే నామినీ వారసుడు కాదు. వీలునామా లేకుండా ఒకరు చనిపోతే ఆస్తి బంధువులకే వెళ్తుంది. చట్టం మారేదాకా ఈ జంటలకు వీలునామాయే ఆధారం.