గాలి లేదు, అల ఉంది

అక్కలారా, ఉప్పాడలో ఒక్కోరోజు ఆకాశం తేటగా ఉంటుంది. గాలి ఉండదు. అయినా ఒడ్డున అలలు విరుచుకు పడతాయి. ఎందుకని?

ఆ అల మన దగ్గర పుట్టలేదు. దక్షిణాన, వేల కిలోమీటర్ల దూరంలో పెద్ద గాలి వీచింది. ఆ గాలికి లేచిన అల రోజుల తరబడి నడిచి మన దాకా వస్తుంది. ఒడ్డు దగ్గర లోతు తక్కువ. అక్కడ అల ఇంకా ఎత్తుకు లేచి విరుగుతుంది. పడవలు బోల్తాపడేది ఎక్కువగా అక్కడే.

అల ఎత్తును ఇన్‌కాయిస్ అనే ప్రభుత్వ సంస్థ ముందే చెబుతుంది. అది హైదరాబాదులో ఉంది. సముద్రం లేని ఊళ్ళో సముద్రం ఆఫీసు!

వేటకు పోయే రోజు "వాన లేదంట" అని ఊరుకోకండి. "అల ఎన్ని మీటర్లు?" అని అడగండి. 3 మీటర్లంటే దాదాపు ఇద్దరు మనుషుల ఎత్తు. ఆ రోజు పడవను, వలలను పైకి లాగించండి.