తూములోంచి వచ్చే కంపు

ఫినాయిల్ పోసి కడిగిన గంటకే మీ బాత్రూంలో మళ్ళీ కంపు కొడుతోందా? కాకినాడ, నర్సాపురం, మచిలీపట్నం వంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో ఈ బాధ ఎక్కువ. వాసన గచ్చుది కాదు, తూము లోపలిది.

జాలీ ఎత్తి చూడండి. కింద గిన్నెలాంటి భాగంలో ఎప్పుడూ రెండంగుళాల నీరు నిలిచి ఉండాలి. ప్లంబర్లు దీన్ని ట్రాప్ అంటారు. ఆ నీరే మూతగా పనిచేసి పైపులోని చెడుగాలిని ఇంట్లోకి రానివ్వదు. వాడని బాత్రూంలో ఆ నీరు ఆరిపోతుంది. వారానికోసారి చెంబెడు నీళ్ళు పోస్తే చాలు. కొన్ని ఇళ్ళలో ట్రాప్ లేకుండానే పైపు కలిపేస్తారు. అక్కడ ఎంత ఫినాయిల్ పోసినా డబ్బు దండగే.

వంటింటి తూము సంగతి వేరు. చేపలు, రొయ్యలు కడిగిన నీరు, గంజి, నూనె జిడ్డు పైపు లోపల జిగురులా పట్టేస్తాయి. మన గాలిలో తేమ ఎక్కువ కనుక ఆ పొర ఆరదు. గాలి తగలనిచోట బతికే సూక్ష్మజీవులు దాన్ని కుళ్ళబెడతాయి. బోరు నీరు ఉప్పన అయితే అందులోని సల్ఫేటును కూడా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మారుస్తాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే. పొలుసులు, తొక్కలు తూములోకి పోనివ్వకండి. జిడ్డు గిన్నెలను ముందు పాత కాగితంతో తుడవండి. జాలీని, తూము మూతిని సబ్బునీళ్ళతో బ్రష్ పెట్టి రుద్దండి.

వానాకాలంలో భూమిలో నీరు పైకి వస్తుంది. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకక, లోపలి గాలి ఇంట్లోకి ఎగదన్నుతుంది. ట్యాంకు గాలి గొట్టం మూసుకుపోలేదని చూసి, దాని మూతికి దోమల వల కట్టండి. బోదకాలు వ్యాపింపజేసే దోమ ఇలాంటి మురుగులోనే గుడ్లు పెడుతుంది.

ఇక అసలు ప్రమాదం. కంపు పోవాలని యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిపి పోసిన ఒక తల్లిని ఊపిరాడని స్థితిలో మా దగ్గరికి తెచ్చారు. తలుపు వేసుకుని కడిగిందట. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఎవరికైనా అలా జరిగితే వెంటనే ఆరుబయటికి తీసుకురండి, కళ్ళు మండితే మంచినీళ్ళతో బాగా కడగండి, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం ఎవరినీ దింపకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదు, మనిషి ఉన్నచోటే కూలిపోతాడు. పడ్డవాడిని తీయబోయి దిగినవారూ పోతారు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. మున్సిపాలిటీ లేదా పంచాయతీ వారినడిగి మోటారు పంపు ఉన్న ట్యాంకరును పిలిపించండి.