మాస్టొడాన్ క్రొత్త కూర్పునకై నిరీక్షణము

మాస్టొడాన్ అను సంభాషణ వేదికను యూజెన్ రోచ్కో జర్మనీలో 2016 అక్టోబరున వెలువరించెను. మా వికారాబాదు జిల్లా యేర్పడినదియు ఆ మాసముననే! దీనికి యజమాని యొక్కడు లేడు. వికారాబాదు స్టేషనునకు, తాండూరు స్టేషనునకు మాస్టరులు వేరైనను రైలు రెంటను సాగునట్లు, వేర్వేరు స్వచ్ఛంద సేవకులు నడుపు సర్వరుల నడుమ మాటలు సాగుచుండును.

కావున క్రొత్త కూర్పు వెలువడిన నాడే యందరికి నందదు. నిర్వాహకుడు పగలు కొలువు ముగించుకొని, రాత్రివేళ సమాచారమునకు నకలు తీసి, డేటాబేసును మార్చి, సర్వరును మరల నడపవలెను. 2022 మార్చిలో 3.5వ కూర్పు వ్రాసినదానిని దిద్దుకొను వీలు నొసగెను. అట్టి సౌకర్యములకు జాగైనను మేము తొందరపెట్టము. అచ్చుతప్పులకు ఇల్లు కూలదు.

2024 ఫిబ్రవరి 1న వచ్చిన 4.2.5వ కూర్పు సంగతి వేరు. అన్యులు మన ఖాతాను కైవసము చేసికొని మన పేర మాటలాడుటకు వీలిచ్చు లోపమును అది పూడ్చెను. పరువుగల గృహిణి పేర నొక దుర్వాక్యము వెలువడిన, కాదని యెందరికి చెప్పుకొనగలదు? దొంగలకు దారి తెలియకుండ ఆ లోపపు వివరములను ఫిబ్రవరి 15 వరకు గుట్టుగా నుంచిరి. నిర్వాహకులకు గడువు ఆ రెండు వారములే.

అందుచే మేమును తాండూరు నెచ్చెలులును నెలనెల సర్వరు ఖర్చునకు కొంత పంపుచున్నాము. భద్రతా కూర్పు వచ్చెనని వినగానే పుట యడుగున నుండు కూర్పు సంఖ్యను చూతుము. మారనిచో నిర్వాహకునకు మర్యాదగా నొక జాబు వ్రాయుదుము. అప్పటికిని చలనము లేకున్న ఖాతాను వేరొక సర్వరునకు తరలించుకొనవచ్చును. మనల ననుసరించువారు వెంట వత్తురు; పాత వ్రాతలు మాత్రము రావు.